మెక్1 మొదట్లో 8 అమైనో ఆమ్లాలు పోతే ఎర్క్ ఎందుకు మేల్కోదు? దొమ్మ రోగం విషం గురించి ఒక సందేహం

బరంపురం_ఎమ్మెస్సీ:

అందరికీ నమస్కారం. మాది బరంపురం, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడు. క్లాసులో పాఠం ఇంగ్లీషు, బయట చర్చ ఒడియా. ఈ సందేహం మాత్రం తెలుగులో అడిగితే గానీ తేలేలా లేదు.

ఆంత్రాక్స్, అంటే మన కోరాపుట్ వైపు పల్లెల్లో పశువులకు వచ్చే దొమ్మ రోగం. ఆ సూక్ష్మజీవి విడిచే విషంలో లీథల్ ఫ్యాక్టర్ ఒక భాగం. అది జింకుతో పనిచేసే ప్రోటియేజ్, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమ్. మెక్1 అనే కైనేజ్‌ను (వేరే ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ పెట్టే ఎంజైమ్‌ను) 8వ స్థానంలోని ప్రోలీన్‌కీ 9వ స్థానంలోని ఐసోల్యూసిన్‌కీ మధ్య కోస్తుంది. మెక్1 పొడవు 393 అమైనో ఆమ్లాలు. అందులో పోయేవి 8. ఫాస్ఫేట్ ఇచ్చే ఏటీపీ కూర్చునే గాడి అక్కడికి చాలా దూరం. మెక్‌ను మేల్కొల్పే పై కైనేజ్ రాఫ్ ఫాస్ఫేట్ పెట్టే 218, 222 సెరీన్లూ అలాగే ఉన్నాయి. అయినా మెక్ మేల్కొల్పాల్సిన కింది కైనేజ్ ఎర్క్‌కు ఫాస్ఫేట్ పడదు. ఎందుకు?

దీనికే ముడిపడిన ఇంకో ప్రశ్న. ఎర్క్‌లో ఫాస్ఫేట్ పడేది థ్రియోనిన్-గ్లుటమేట్-టైరోసిన్ అనే మూడింటి దగ్గర. ఆ వరస ఉన్న 12-15 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ చేయించి మెక్‌కు ఇస్తే ఫాస్ఫేట్ పెడుతుందా? ప్రాజెక్టులో దీన్ని చూపించాలని ఉంది. వెస్టర్న్ బ్లాట్ (జెల్ మీద విడదీసిన ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తుపట్టడం) చేసుకోగలను, రేడియోధార్మిక ఏటీపీ వాడే వీలు లేదు.

రాయగడ_పశువైద్యం:

అమ్మా, పాలు పితికే చోట ఒకసారి గమనించు. పితికే చెయ్యి వేరు, ఆవును గుంజకు కట్టే పలుపు వేరు. పలుపు తెగినంత మాత్రాన చేతి పనితనం తగ్గదు. కానీ ఆవు నిలబడదు, చెంబులో చుక్క పడదు. మెక్‌కు ఏటీపీ గాడి చెయ్యి, మొదట్లో ఉన్న ఆ కొస పలుపు. విషం తెంపేది పలుపునే. "లీథల్ ఫ్యాక్టర్ మెక్‌ను నాశనం చేస్తుంది" అని రాసేస్తుంటారు, అందుకే నీలాంటి వాళ్లకు ఈ చిక్కు వస్తుంది. మెక్ నాశనం కాదు, ఎర్క్ మీద దాని పట్టు పోతుంది.

మెక్1 మొదటి 11 అమైనో ఆమ్లాలు వరసగా రాసుకో: మెథియోనిన్, ప్రోలీన్, లైసిన్, లైసిన్, లైసిన్, ప్రోలీన్, థ్రియోనిన్, ప్రోలీన్, ఐసోల్యూసిన్, గ్లుటమిన్, ల్యూసిన్. ముందు ధనావేశం ఉన్న మూడు లైసిన్లు. చివర నీటికి దూరంగా జరిగే ఐసోల్యూసిన్, ల్యూసిన్. రెండు సగాలూ కలిస్తేనే పట్టు. 8కీ 9కీ మధ్య కోత అంటే సరిగ్గా ఆ రెండు సగాల నడుమ. దాని జోడు కైనేజ్ మెక్2లో కోత 10, 11 మధ్య. అక్కడా ఇదే కథ.

మెక్3, 4, 6, 7 కూడా ఇలాగే తెగుతాయి, కాబట్టి ఎర్క్ లాంటివే అయిన పీ38, జేఎన్‌కే కైనేజ్‌ల దారులూ మూతపడతాయి. మెక్5 ఒక్కటే తప్పించుకుంటుంది. రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు ప్రమాదం పసిగట్టి మిగతా వాటికి కబురు పంపేది ఈ దారుల్లోనే. సూక్ష్మజీవికి కావలసింది ఆ నిశ్శబ్దమే.

ప్రశ్నకు బయటి మాటే అయినా చెప్పకుండా ఉండలేను. దొమ్మతో పోయిన పశువును ఎవరూ కోయకూడదు, తోలు తీయకూడదు. రక్తానికి గాలి తగిలితే సూక్ష్మజీవి స్పోర్లుగా మారి నేలలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీ ఊళ్ల వైపు వెళ్తే ఈ మాట నలుగురికీ చెప్పు.

పర్లాకిమిడి_లెక్చరర్:

పలుపు ఎక్కడుందో పైన వచ్చింది కాబట్టి నేను గుంజ దగ్గర మొదలుపెడతాను.

ఎర్క్ రూపాల్లో ఒకటైన ఎర్క్2లో గుంజ, అంటే మెక్ పలుపు తగులుకునే చోటు, దాని ఏటీపీ గాడి దగ్గర లేదు, అణువు వెనక వైపు ఉంది. మనిషి ఎర్క్2లో 318, 321 స్థానాల్లో ఆస్పార్టేట్లు ఉంటాయి, రెండూ రుణావేశంవి. మెక్ లైసిన్లు వాటికి ఆనుకుంటాయి. పక్కనే సన్నటి గాడి ఒకటి ఉంది, ఐసోల్యూసిన్, ల్యూసిన్ అందులో దిగుతాయి. ఈ అమరికకు డాకింగ్ అని పేరు, మెక్ వైపు ముక్కను డీ-సైట్ అంటారు. లైసిన్లకీ ఆ చివరి జంటకీ మధ్య దూరం కూడా లెక్కే. ఎడం మరీ తగ్గినా, మరీ పెరిగినా ఒక సగం కూర్చుంటే రెండోది అందదు.

ఇది వదులు పట్టు, మైక్రోమోలార్ స్థాయిది. అలా ఉండటమే మేలు. గట్టిగా పట్టుకుంటే ఫాస్ఫేట్ పడ్డాక ఎర్క్ కదలదు, కేంద్రకంలోకి వెళ్లి తన పని చేసుకోలేదు. పైగా అదే గుంజకు మెక్ ఒక్కటే కట్టుకోదు. ఎర్క్ ఫాస్ఫేట్ పెట్టే ఆర్‌ఎస్‌కే, ఎల్క్-1 కూడా అక్కడికే వస్తాయి. ఎర్క్ ఫాస్ఫేట్లు ఊడదీసే ఎంజైమ్ (ఫాస్ఫటేజ్) ఎంకేపీ3 కూడా అక్కడికే వస్తుంది. డీ-సైట్‌తో పట్టుకునేవాటిలో ఒకసారికి ఒక్కటే. పండ్ల ఈగలో సెవెన్‌మేకర్ అనే మ్యుటేషన్ ఈ సంగతిని చక్కగా బయటపెట్టింది. 1994లో తేలిందేమిటంటే, ఎర్క్ గుంజలో ఒక ఆస్పార్టేట్ ఆస్పరజీన్‌గా మారితే సంకేతం తగ్గకపోగా పెరిగింది. పట్టు సడలినందువల్ల ఎక్కువ నష్టపోయింది ఫాస్ఫటేజ్, మెక్ కాదు. పరీక్షల్లో ఈ ప్రశ్న వస్తే చాలామంది తిరగేసి రాస్తారు, జాగ్రత్త.

ఇక మేల్కోవడం. ఎర్క్2లో 185 థ్రియోనిన్, 187 టైరోసిన్ ఉన్న తీగను యాక్టివేషన్ లూప్ అంటారు. ఫాస్ఫేట్లు లేనప్పుడు ఆ తీగ ముడుచుకుని ఉంటుంది. టైరోసిన్ దాదాపు లోపలికి ఒదిగి ఉంటుంది. కైనేజ్‌లో పైదీ కిందిదీ అని రెండు భాగాలు (లోబ్‌లు) ఉంటాయి, పై లోబ్‌లో సీ-హెలిక్స్ అనే మరొక ముక్క ఉంది. అది సరైన కోణంలో తిరిగితేనే 71వ స్థానంలోని గ్లుటమేట్ వచ్చి 54వ లైసిన్‌తో జత కడుతుంది, ఆ లైసిన్ ఏటీపీ ఫాస్ఫేట్లను సరిగ్గా నిలబెడుతుంది. థ్రియోనిన్ మీద ఫాస్ఫేట్ పడగానే అది చుట్టూ ఉన్న ఆర్జినిన్లను పట్టి పై లోబ్‌ను, కింది లోబ్‌ను దగ్గరకు లాగుతుంది. టైరోసిన్ మీద ఫాస్ఫేట్ చేసే పని వేరు. సబ్‌స్ట్రేట్‌లో, అంటే ఎర్క్ ఫాస్ఫేట్ పెట్టే ప్రోటీన్‌లో, ఫాస్ఫేట్ పడే సెరీన్ పక్కన ప్రోలీన్ ఉంటుంది కదా, ఆ ప్రోలీన్ కూర్చునే చోటును అది తయారు చేస్తుంది. అందుకే ఒక్క ఫాస్ఫేట్ చాలదు. రెండూ పడిన ఎర్క్2 వేగం నిద్రలో ఉన్నదానికంటే వెయ్యి రెట్లకు పైనే. రెండు ఫాస్ఫేట్లతో ఉన్న ఎర్క్2 నిర్మాణం 1997లో వచ్చింది. దాన్నీ ఫాస్ఫేట్లు లేనిదాన్నీ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూడు, ఈ పేరా మొత్తం కళ్లకు కనిపిస్తుంది.

పెప్టైడ్ ప్రశ్నకు జవాబు: పెట్టదు. వేడిచేసి మడత విప్పేసిన ఎర్క్‌ను ఇచ్చినా మెక్ ముట్టదు. పీకేఏ అనే మరో కైనేజ్ అలా కాదు, ల్యూసిన్-ఆర్జినిన్-ఆర్జినిన్-అలనిన్-సెరీన్-ల్యూసిన్-గ్లైసిన్ అనే ఏడింటి ముక్కకు హాయిగా ఫాస్ఫేట్ పెడుతుంది. దానికి పక్కనున్న అక్షరాలు చదివితే చాలు. మెక్‌కు అక్షరాలతో పని లేదు, మడిచిన ఎర్క్ మొత్తం ఆకారం కావాలి.

బరంపురం_ఎమ్మెస్సీ:

సార్, చాలావరకు అర్థమైంది. అంటే రాఫ్ వచ్చి 218, 222 దగ్గర ఫాస్ఫేట్లు పెట్టాకే పలుపు బయటికొచ్చి ఎర్క్‌ను పట్టుకుంటుందా? రాఫ్ కూడా మెక్‌ను ఇలాంటి డీ-సైట్‌తోనే పట్టుకుంటుందా?

పర్లాకిమిడి_లెక్చరర్:

రెండూ కావు. పలుపు ఎప్పుడూ బయటే ఉంటుంది. నిద్రలో ఉన్న మెక్ నిద్రలో ఉన్న ఎర్క్‌ను పట్టుకుని సైటోప్లాజంలోనే ఉంచుతుంది. మెక్‌లో కేంద్రకం నుంచి బయటికి పంపే వరస ఉండటం ఇందుకు తోడ్పడుతుంది. 218, 222 ఫాస్ఫేట్లు చేసేది చెయ్యిని సిద్ధం చేయడం. గుర్తుపట్టడం, మేల్కొల్పడం రెండు వేరు వేరు పనులు, వేరు వేరు చోట్ల జరుగుతాయి. నీ మొదటి ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది.

రాఫ్-మెక్ జోడీ ఎదురెదురుగా నిలబడుతుంది, మెక్ యాక్టివేషన్ లూప్ రాఫ్ గాడి వైపు తిరిగి ఉంటుంది. కొసన వేలాడే చిన్న పలుపు కాదు, పెద్ద ఉపరితలం ఆనుకుంటుంది.

అంతకంటే వింత రాఫ్‌ల మధ్య జరిగేది. రాఫ్ రూపాలైన బీ-రాఫ్, సీ-రాఫ్ పక్కపక్కన జతకడతాయి. ఆ జతలో ఒకటి రెండోదాని సీ-హెలిక్స్‌ను సరైన కోణంలోకి నెడుతుంది. ఫాస్ఫేట్ ఇవ్వనక్కర్లేదు, ఆనుకుంటే చాలు. అందుకే ఫాస్ఫేట్ పెట్టే శక్తి పోయిన బీ-రాఫ్ కూడా సీ-రాఫ్‌ను మేల్కొల్పగలదు. వెమురాఫెనిబ్ లాంటి మందు 600వ వాలీన్ గ్లుటమేట్‌గా మారిన బీ-రాఫ్ ఉన్న మెలనోమాలో (ఒక చర్మ క్యాన్సర్‌లో) సంకేతాన్ని ఆపుతుంది. అదే మందు, మామూలు బీ-రాఫ్ ఉండి, రాఫ్‌ను మేల్కొల్పే రాస్ ప్రోటీన్ చురుగ్గా ఉన్న కణాల్లో జతలను పెంచి సంకేతాన్ని ఎక్కువ చేస్తుంది. 2010లో ఈ సంగతి బయటపడింది. ఒక కైనేజ్ ఇంకోదాన్ని మేల్కొల్పిందంటే ఫాస్ఫేట్ చేతులు మారిందనే అనుకోకూడదు.

జయపురం_కణం:

ఇంకో తీరు కూడా తెలిసి ఉండాలి, లేకపోతే డీ-సైటే అన్నిటికీ సూత్రం అనిపిస్తుంది. పీడీకే1 అనే కైనేజ్ పై లోబ్‌లో పిఫ్ పాకెట్ అనే గుంట ఉంది. ఎస్6కే, ఎస్‌జీకే లాంటి కైనేజ్‌ల చివర్లో నీటికి దూరంగా ఉండే ఒక వరస ఉంటుంది. ముందు వేరే కైనేజ్ దాని మీద ఫాస్ఫేట్ పెడితే ఆ తోక పీడీకే1 గుంటలో దిగుతుంది, అప్పుడు పీడీకే1 వాటి యాక్టివేషన్ లూప్‌కు ఫాస్ఫేట్ పెడుతుంది. అంటే ఇక్కడ పలుపు మొదట్నుంచీ సిద్ధంగా ఉండదు, ఫాస్ఫేట్ పడ్డాకే తయారవుతుంది. నువ్వు మెక్ గురించి ఊహించింది నిజంగా జరిగేది ఇక్కడ.

పీడీకే1 ఫాస్ఫేట్ పెట్టే మరో కైనేజ్ ఏకేటీ మాత్రం ఆ గుంట మీద అంతగా ఆధారపడదు. దానికీ పీడీకే1కీ పీహెచ్ డొమైన్లు (ఆమ్లత కొలిచే పీహెచ్ కాదు, లిపిడ్‌ను పట్టుకునే భాగాలు) ఉన్నాయి, రెండూ పొరలోని పిప్3 లిపిడ్‌కు అతుక్కుని ఒకే చోట కలుస్తాయి. 308 థ్రియోనిన్ మీద ఫాస్ఫేట్ పీడీకే1ది, 473 సెరీన్ మీద ఫాస్ఫేట్ ఎంటార్ అనే కైనేజ్ ఉన్న కాంప్లెక్స్ 2ది.

గుణుపురం_ల్యాబ్:

ప్రాజెక్టు సంగతికి వస్తాను. విషంతో మెక్‌ను కోయాల్సిన పనే లేదు. 9వ అమైనో ఆమ్లం నుంచి మొదలయ్యే మెక్1 జీన్ చేయించుకుంటే కోత పడిన రూపమే దొరుకుతుంది. పూర్తి మెక్1, కోసిన మెక్1, రెండింటిలోనూ 218, 222 సెరీన్లను ఆస్పార్టేట్లుగా మార్చాలి. అప్పుడు రాఫ్ లేకుండానే చురుగ్గా ఉంటాయి, ఈ.కోలైలో చేసుకోవచ్చు. ఎవరి దగ్గరైనా ప్లాస్మిడ్ తీసుకుంటే సీక్వెన్స్ మొదటి నుంచి చదువు. నిర్మాణం చూడటానికి స్ఫటికాల కోసం చేసిన మెక్ రూపాల్లో మొదటి 60 అమైనో ఆమ్లాల దాకా తీసేసి ఉంటాయి. దాన్ని "పూర్తి మెక్" అనుకుని వాడితే రెండు గొట్టాల్లో తేడా రాదు, నెలలు పోతాయి. నికెల్ కాలమ్‌తో శుద్ధి చేయడానికి తగిలించే హిస్టిడిన్ ట్యాగ్‌ను రెండింటికీ చివరనే పెట్టు, మొదట్లో పెడితే పలుపుకు అడ్డం వస్తుందేమో అన్న అనుమానం ఉండిపోతుంది.

సబ్‌స్ట్రేట్‌గా 54వ లైసిన్‌ను ఆర్జినిన్ చేసిన ఎర్క్2 తీసుకో. అది తనకు తాను ఫాస్ఫేట్ పెట్టుకోలేదు, కాబట్టి కనిపించేదంతా మెక్ పనే.

బఫర్: హెపెస్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 7.5. మెగ్నీషియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్, సోడియం క్లోరైడ్ 50, డీటీటీ 1, బీఎస్‌ఏ మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము. మెక్ 10 నానోమోలార్, ఎర్క్ 1 మైక్రోమోలార్, ఏటీపీ 200 మైక్రోమోలార్. మొత్తం 40 మైక్రోలీటర్లు, 30 డిగ్రీల సెల్సియస్. ఏటీపీ తప్ప అన్నీ కలిపి 5 నిమిషాలు వేడెక్కనిచ్చి, ఏటీపీతో మొదలుపెట్టు. 1, 2, 5, 10, 20 నిమిషాలకు 5 మైక్రోలీటర్లు తీసి 20 మైక్రోలీటర్ల ఎస్‌డీఎస్ లోడింగ్ బఫర్‌లో వేసి, 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచు. అందులో 5 మైక్రోలీటర్లు జెల్ మీద వేస్తే బావికి సుమారు 40 నానోగ్రాముల ఎర్క్ పడుతుంది. వెస్టర్న్‌కు అది చాలు. ఎక్కువ వేస్తే బ్యాండ్లన్నీ నల్లగా నిండిపోయి తేడా కనబడదు.

ఈ ప్రయోగం మొత్తం ఎర్క్ గాఢత మీద నిలబడుతుంది. పలుపు పని ఎర్క్‌ను దగ్గరకు తేవడం. గొట్టంలో 20 మైక్రోమోలార్ ఎర్క్ పోస్తే పలుపు లేని మెక్‌కు కూడా ఎర్క్ ఎటూ తగులుతూనే ఉంటుంది, తేడా చాలావరకు మాసిపోతుంది. 0.5, 1, 2, 5, 10 మైక్రోమోలార్ల దగ్గర విడివిడిగా తొలి నిమిషాల వేగం కొలిచి గీత గీయి. తక్కువ గాఢత దగ్గర రెండు గీతలు దూరంగా ఉండి, ఎక్కువ దగ్గర దగ్గరైతే లోపం పట్టులో అని చెప్పవచ్చు. అంతటా ఒకే నిష్పత్తిలో కిందికి దిగితే కోసిన మెక్ ప్రోటీన్ మడత చెడిందని అనుమానించు.

ఇంకో కంట్రోల్ తప్పనిసరి. మెక్1 మొదటి 13 అమైనో ఆమ్లాల పెప్టైడ్ చేయించి పూర్తి మెక్ ఉన్న గొట్టాల్లో 0, 10, 30, 100, 300 మైక్రోమోలార్ వెయ్యి. గుంజను అదే ఆక్రమించుకుంటుంది కాబట్టి ఫాస్ఫేట్ తగ్గాలి. పక్కనే, లైసిన్లను గ్లుటమేట్లుగా, ఐసోల్యూసిన్, ల్యూసిన్‌లను అలనిన్లుగా మార్చిన పెప్టైడ్ కూడా పెట్టు. అది ఆపకూడదు. ఆపిందంటే పెప్టైడ్‌తో వచ్చిన ట్రైఫ్లోరోఎసిటేట్ పీహెచ్‌ను దించేసి ఉంటుంది. పెప్టైడ్ కరిగించాక పీహెచ్ కాగితంతో చూసుకో.

చెడిపోయే చోట్లు చెబుతాను. ఉప్పు మొదటిది. ఈ పట్టులో సగం ఆవేశాలది కాబట్టి సోడియం క్లోరైడ్ 200 మిల్లీమోలార్ దాటితే పూర్తి మెక్ కూడా కోసినదానిలాగే కనిపించడం మొదలవుతుంది. నికెల్ కాలమ్ నుంచి తీసిన ప్రోటీన్‌లో ఉప్పు, ఇమిడజోల్ ఉంటాయి, డయాలసిస్ చేయకుండా వాడకు. ఈడీటీఏ ఉన్న బఫర్ నుంచి ప్రోటీన్ తెస్తే అది మెగ్నీషియాన్ని పట్టేస్తుంది, ఏటీపీకి మెగ్నీషియం లేకపోతే కైనేజ్ కదలదు. ఏటీపీ డైసోడియం లవణం నీళ్లలో ఆమ్లంగా ఉంటుంది. 100 మిల్లీమోలార్ స్టాక్ చేసేటప్పుడు సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7కు తెచ్చి, పలుచన చేసి 259 నానోమీటర్ల దగ్గర కొలిచి (మిల్లీమోలార్‌కు 15.4), చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 20లో పెట్టు. కరిగించింది మళ్లీ గడ్డకట్టించకు.

బ్లాట్ దగ్గర పాల పొడితో బ్లాక్ చేయకు. పాలలో కేసీన్ మీద ఫాస్ఫేట్లు ఉంటాయి, మచ్చలు వస్తాయి. టీబీఎస్-ట్వీన్‌లో 5 శాతం బీఎస్‌ఏ వాడు, పీబీఎస్ వద్దు. తర్వాత కణాల లైసేట్‌తో చేయాలనుకుంటే ఫాస్ఫటేజ్ నిరోధకాలు కావాలి. సోడియం ఆర్థోవనడేట్‌ను పీహెచ్ 10 దగ్గర పసుపు రంగు పోయేదాకా మరిగించి చల్లార్చి, మళ్లీ పీహెచ్ సరిచేసి, రంగు రాకుండా నిలిచేదాకా అదే పని చేయాలి. దాన్ని ఈడీటీఏతో, డీటీటీతో కలిపితే పనికిరాదు. చాలామంది మూడూ ఒకే గొట్టంలో పోసి ఫాస్ఫేట్లు ఎటుపోయాయని వెతుకుతారు.

రెండు ఫాస్ఫేట్లూ ఉన్న ఎర్క్‌ను పట్టే యాంటీబాడీతో ఒక మోసం ఉంది. మెక్ రెండు ఫాస్ఫేట్లనూ ఒకే పట్టులో పెట్టదు. ముందు టైరోసిన్‌కు పెట్టి వదిలేస్తుంది, ఎర్క్ మళ్లీ వచ్చి తగిలినప్పుడు థ్రియోనిన్‌కు పెడుతుంది. తొలి నిమిషాల్లో సగం దారిలో ఉన్న ఎర్క్ ఈ యాంటీబాడీకి కనబడదు. కాబట్టి ఫాస్-ట్యాగ్ జెల్ (ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్‌ను పట్టి నెమ్మదింపజేసే జెల్) కూడా నడుపు. 10 శాతం జెల్‌లో ఫాస్-ట్యాగ్ 50 మైక్రోమోలార్, మాంగనీస్ క్లోరైడ్ 100. ఫాస్ఫేట్ లేనిది కిందికి, ఒకటి ఉన్నది దానికి పైన, రెండు ఉన్నది ఇంకా పైన నిలుస్తాయి. లోడింగ్ బఫర్‌లో ఈడీటీఏ ఉండకూడదు. బదిలీకి ముందు జెల్‌ను 10 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపిన ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో 10 నిమిషాల చొప్పున రెండుసార్లు, తర్వాత ఈడీటీఏ లేనిదాంట్లో ఒకసారి కడుగు. ఈ మెట్టు దాటేస్తే ప్రోటీన్ జెల్‌లోనే ఉండిపోతుంది. రంగు మార్కర్ వంకరగా పరుగెడుతుంది, బరువు లెక్క దాంతో వేయకు.

బరంపురం_ఎమ్మెస్సీ:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క ఇబ్బంది. 54వ లైసిన్ మార్చిన ఎర్క్ మా దగ్గర లేదు, మామూలు ఎర్క్2 ప్లాస్మిడ్ ఉంది. దాంతో నడిపించవచ్చా?

గుణుపురం_ల్యాబ్:

నడుస్తుంది, కానీ మూడు సంగతులు చూసుకో. ఈ.కోలైలో చేసిన మామూలు ఎర్క్2 తనకు తానే టైరోసిన్ మీద కొద్దిగా ఫాస్ఫేట్ పెట్టుకుంటుంది, కాబట్టి మెక్ లేని గొట్టం ప్రతి గాఢత దగ్గరా, ప్రతి సమయానికీ ఉండాలి, సున్నా నిమిషానిదీ కావాలి. రెండోది, మేల్కొన్న ఎర్క్ తిరిగి మెక్1 మీదే 292, 386 థ్రియోనిన్లకు ఫాస్ఫేట్ పెడుతుంది. ఫాస్-ట్యాగ్‌లో మెక్ బ్యాండ్ పైకి జరిగితే కంగారు పడకు, కానీ 5 నిమిషాల తర్వాతి అంకెలను వేగం లెక్కలోకి తీసుకోకు. మూడోది, ఎర్క్‌కు డీటీటీ తాజాగా ఉండాలి, వారం కిందటి గొట్టం వద్దు.

లైసిన్ మార్పు నువ్వే చేసుకోవచ్చు. ఒకే కోడాన్ మారాలి, ఏఏఏ ఉంటే ఏజీఏ, ఏఏజీ ఉంటే ఏజీజీ. ఒక్క అక్షరం తేడా. మార్పు మధ్యలో వచ్చేలా 30 అక్షరాల ప్రైమర్ల జత, ప్లాస్మిడ్ మొత్తం చుట్టే పీసీఆర్, తర్వాత పాత ప్లాస్మిడ్‌ను తినేయడానికి డీపీఎన్1 అనే ఎంజైమ్ ఒక గంట 37 డిగ్రీల దగ్గర. నాలుగు కాలనీలు తీసి సీక్వెన్సింగ్‌కు పంపు, మార్చిన చోటే కాకుండా జీన్ మొత్తం చదివించు. ఎలుక ఎర్క్2 ప్లాస్మిడ్ అయితే అదే లైసిన్ 52వ స్థానంలో ఉంటుంది, ఫాస్ఫేట్లు పడేవి 183, 185. ప్రైమర్ రాసే ముందు నీ దగ్గరున్నది మనిషిదో ఎలుకదో తేల్చుకో.